బస్సు దిగి బండెక్కిన తరం

2011 జనాభా లెక్కల్లో ఒక ప్రశ్న అడిగారు. వ్యవసాయం, కుటీర పరిశ్రమలు కాకుండా వేరే పనులు చేసేవాళ్లు పనిచోటికి ఎంత దూరం వెళ్తున్నారు, ఎలా వెళ్తున్నారు అని. దేశం మొత్తమ్మీద ఇలాంటి వాళ్లు సుమారు 20 కోట్ల మంది. వాళ్లలో నూటికి 30 మందికి అసలు ప్రయాణమే లేదు, ఇంట్లోనో ఇంటి పక్కనో పని. 22, 23 మంది నడిచి వెళ్తున్నారు. 13 మంది సైకిల్ మీద, దాదాపు అంతే మంది మోపెడ్, స్కూటర్, మోటార్‌సైకిళ్ల మీద. బస్సులో 11 మంది. కారులో వెళ్లేవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు.

ట్రాఫిక్ గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ లెక్క ఎవరికీ గుర్తు రాదు. రోడ్డు మీద ఎక్కువ చోటు ఆక్రమించేది కారు కాబట్టి ఫ్లైఓవర్ల చర్చంతా కారు చుట్టూ తిరుగుతుంది. ఆ లెక్కల నాటికి దేశంలో అన్నిటికన్నా ఎక్కువ మంది పనికి వెళ్లిన వాహనం వాళ్ల కాళ్లే.

ఆ తర్వాత వచ్చిన పెద్ద మార్పు టూ వీలర్‌ది. 2001లో దేశంలో నూటికి 12 ఇళ్లలో టూ వీలర్ ఉండేది. 2011కి అది 21 అయింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దాదాపు సగం ఇళ్లలో బండి ఉంది. ఇరవై ఏళ్లలో ఎనిమిది ఇళ్లకు ఒక బండి నుంచి రెండు ఇళ్లకు ఒక బండి స్థాయికి వచ్చాం. అదే సర్వేలో కారున్న ఇళ్లు నూటికి 8 మాత్రమే. సైకిల్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2011లోనూ, ఈ సర్వేలోనూ కూడా సగానికి కాస్త అటూ ఇటూగా ఇళ్లలో సైకిల్ ఉంది. అంటే అది ఇంట్లోంచి పోలేదు. పెద్దవాళ్లు పనికి తీసుకెళ్లడం మానేశారు, పిల్లలకు మిగిలింది.

ఈ మార్పుకు అందరూ చెప్పే కారణం ఒకటే: డబ్బులొచ్చాయి, జనం బళ్లు కొన్నారు. అది నిజమే, కానీ సగం నిజం. ఎన్ని డబ్బులున్నా పది నిమిషాలకో మెట్రో వచ్చే చోట మనిషి మెట్రో ఎక్కుతున్నాడు. చేతిలో డబ్బు ఆడకపోయినా గంటకో బస్సు వచ్చే చోట అప్పుచేసి బండి కొంటున్నాడు. తెలుగు రాష్ట్రాల్లో గత యాభై ఏళ్ల రోజువారీ ప్రయాణాన్ని దగ్గరగా చూస్తే, అలవాట్లను మార్చిన అసలు శక్తి ఎదురుచూపు అని అర్థమవుతుంది. స్టేజీ దగ్గర ఎంతసేపు నిలబడాలి, వస్తుందా రాదా అన్నది తెలుస్తుందా లేదా అన్న దాని మీదే మిగతా లెక్కలన్నీ నడిచాయి.

సర్వీసు టైమే ఊరి టైము

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో మొదలుపెట్టింది. ప్రభుత్వమే బస్సులు నడపడం అప్పటికి కొత్త సంగతి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ప్రైవేటు రూట్లు ఒక్కొక్కటిగా దాని చేతికి వచ్చాయి, తారు రోడ్డు పడ్డ ప్రతి ఊరూ బస్సు అడిగింది.

అప్పటి పల్లెల్లో బస్సు ఒక్కటే రోజును విభజించేది. 'మొదటి సర్వీసు', 'పదిగంటల బస్సు', 'లాస్ట్ బస్సు' అంటే గడియారం చూడక్కర్లేదు. చివరి ఊళ్లకు నైట్ హాల్టు బస్సు ఉండేది. రాత్రి ఊళ్లోకి వచ్చి ఆగేది. డ్రైవరు, కండక్టరు బస్సులోనో పంచాయతీ ఆఫీసు అరుగు మీదో పడుకునేవాళ్లు. తెల్లారి అదే బస్సు పాలక్యాన్లు, కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, కోర్టు వాయిదాకి వెళ్లేవాళ్లతో నిండిపోయి పట్నానికి బయల్దేరేది. కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం, అది ఎవరిదన్న తగువు ఆ బస్సుతోనే పుట్టాయి. తర్వాత వచ్చిన పల్లెవెలుగు బస్సులు చెయ్యెత్తిన చోటల్లా ఆగేవి. పొలం గట్టు మీంచి పరుగెత్తుకొచ్చే మనిషి కోసం డ్రైవరు ఆపి చూసేవాడు.

బస్సు వెళ్లని దూరాలకు కాళ్లు, ఎడ్లబండి, సైకిల్. సైకిల్ కొనలేనివాళ్లకు గంటల లెక్కన అద్దె సైకిళ్లు, తెలంగాణలో అయితే కిరాయి సైకిళ్లు. పక్కూరి బడికి వెళ్లే టీచరు, పోస్ట్‌మాన్, చీరల మూట కట్టుకుని తిరిగే నేత వ్యాపారి, ఐసు డబ్బావాడు అందరి జీవనమూ దాని మీదే. స్కూటర్ అనేది పేరు రాయించి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన వస్తువు. 1972లో వచ్చిన చేతక్ కోసం చాలామంది అలాగే ఎదురుచూశారు. హైదరాబాద్‌లో ఆల్విన్ కంపెనీ ఒకవైపు ఆర్టీసీకి బస్సు బాడీలు కడుతూనే, ఇంకోవైపు పుష్పక్ అనే స్కూటర్ కూడా తయారుచేసింది. బస్సులూ స్కూటర్లూ ఒకే ఫ్యాక్టరీ గేటు దాటి బయటికి వచ్చిన రోజులవి.

1980లో టీవీఎస్ 50, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాయి. ఈ రెండూ తెచ్చిన మార్పును తక్కువ అంచనా వేయకూడదు. మొదటిది ధరలో, బరువులో సామాన్యుడికి అందింది. రెండోది లీటరు పెట్రోలుతో వెళ్లే దూరాన్ని అంతకుముందు ఎవరూ ఊహించనంత పెంచింది. 1991 తర్వాత వాయిదాల మీద బండి దొరకడం మొదలయ్యాక ఇక ఆగలేదు. టీవీఎస్ ఎక్సెల్ మీద ముందు యూరియా బస్తా, వెనక గడ్డిమోపు, పక్కన పాలక్యాను వేలాడదీసుకుని పోయే రైతును ఇవాళ్టికీ ఏ మండలంలోనైనా చూడొచ్చు. అది ఆయనకు బండీ, ట్రాలీ, పొలం పనిముట్టూ కూడా.

2001లో వచ్చిన యాక్టివా ఇంకో గోడ పడగొట్టింది. గేర్లు లేని స్కూటర్లు అంతకుముందూ ఉన్నాయి కానీ, చీరకట్టుతో టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగినులు పెద్ద సంఖ్యలో సొంతంగా బండి నడపడం మామూలైపోయింది ఆ తర్వాతే.

బండి ఎందుకు గెలిచింది

ఒక మామూలు లెక్క వేద్దాం. మండల కేంద్రం 12 కిలోమీటర్ల దూరం అనుకోండి. గంటకో బస్సు. ఇంటి నుంచి స్టేజీకి నడక పది నిమిషాలు, ఎదురుచూపు సగటున అరగంట, బస్సులో ప్రయాణం ఇంకో అరగంట. దిగాక మళ్లీ నడక. మొత్తం గంటా ఇరవై నిమిషాలు దాటుతుంది. బండి మీద 25 నిమిషాలు. రానూపోనూ 24 కిలోమీటర్లకు అర లీటరు పెట్రోలు, 2025 నాటి హైదరాబాద్ ధర రూ.107 లెక్కన యాభై రూపాయల పైచిలుకు. ఒక్కడే వెళ్తే బస్సు టికెట్టుతో పోల్చినప్పుడు బండి చౌకేం కాదు. ఇద్దరు ఎక్కితే మాత్రం అదే పెట్రోలు, బస్సులో రెండు టికెట్లు. మధ్యలో పిల్లాడిని కూర్చోబెట్టుకుంటే ఇక బస్సు పోటీకే రాదు.

ఈ లెక్కలో అన్నిటికన్నా బరువైనది ఆ అరగంట ఎదురుచూపు. ఎదురుచూసే అరగంట, కదిలే అరగంటతో సమానంగా అనిపించదు. ఎండలో నీడలేని స్టేజీలో నిలబడి, 'ఈ ట్రిప్పు క్యాన్సిల్ అయిందేమో' అనే టెన్షన్‌తో గడిపే ఆ కాలమే జనాన్ని ఫైనాన్స్ కంపెనీకి తీసుకెళ్లింది.

బండి ఒకసారి ఇంట్లోకి వచ్చాక కథ తిరిగి వెనక్కి వెళ్లదు. డౌన్ పేమెంట్ కట్టేశాం, ఈఎంఐ నడుస్తోంది, ఇన్సూరెన్సు ఉంది. ఇంకా బస్సు టికెట్టు పెట్టడం అదనపు ఖర్చులాగే అనిపిస్తుంది. అలా స్తోమత ఉన్నవాళ్లు ముందు దిగిపోయారు. కలెక్షన్ తగ్గింది. కలెక్షన్ లేని ట్రిప్పును డిపో తీసేసింది. గంటకో బస్సు రెండు గంటలకో బస్సు అయింది. అప్పటిదాకా ఓపిక పట్టినవాళ్లూ బండి కొన్నారు. నైట్ హాల్టులు చాలా చోట్ల ఇలాగే పోయాయి. ఆ ఖాళీలోకి షేర్ ఆటో వచ్చింది. నిండితే గానీ కదలదు, రాత్రి ఎనిమిది దాటితే దొరకదు, జ్వరం వచ్చిన మనిషిని తీసుకుపోవాలంటే ఆటో మొత్తం మాట్లాడుకోవాలి. అయినా చెయ్యెత్తితే ఆగుతుంది, అందుకే నిలిచింది.

నగరంలో కూడా ఇదే జరిగింది. 2019 అక్టోబర్ 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె యాభై రోజులకు పైగా సాగింది. ఆ తర్వాత హైదరాబాద్ సిటీ బస్సులను వందల సంఖ్యలో తగ్గించారు. కొన్ని నెలలకే కరోనా వచ్చింది. సిటీ బస్సులు ఆరు నెలలు నడవలేదు. నగరంలో తిరిగే ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు 2020 మార్చి నుంచి 2021 జూన్ దాకా ఆగిపోయాయి. పదిహేను నెలల పాటు రైలు లేకపోతే ఏ ఉద్యోగి ఎదురుచూస్తాడు? సెకండ్ హ్యాండ్‌లోనైనా బండి కొనుక్కుంటాడు, లేదా ఆఫీసు దగ్గరికి ఇల్లు మారతాడు. 2003 ఆగస్టులో మొదలై లింగంపల్లి, సికింద్రాబాద్, ఫలక్‌నుమా వైపు చిరుద్యోగులకు అతి చౌక దారిగా ఉన్న ఎంఎంటీఎస్, మళ్లీ పట్టాలెక్కాక కూడా పాత జనాన్ని పూర్తిగా తెచ్చుకోలేకపోయింది. 2023లో మేడ్చల్ వైపు పొడిగించినా రోజుకు కొన్ని ట్రిప్పులే కాబట్టి, దాన్ని నమ్ముకుని ఉద్యోగం చేయడం కష్టం.

జిల్లాల్లో ప్యాసింజర్ రైళ్లకూ అలాంటి దెబ్బే తగిలింది. కరోనా తర్వాత చాలా ప్యాసింజర్లను ఎక్స్‌ప్రెస్‌ల పేరుతో తిప్పి, పది రూపాయల కనీస చార్జీని ముప్పై చేశారు. మళ్లీ పదికి తెచ్చింది 2024 ఫిబ్రవరిలో. తెనాలి నుంచి విజయవాడకో, జనగామ నుంచి సికింద్రాబాద్‌కో రోజూ వచ్చిపోయే చిన్న జీతగాడి దినచర్య ఆ మూడేళ్లలో వేరే దారి పట్టేసింది.

జరగకుండా ఉండిపోయిన ప్రయాణాలు

ఇంటికో బండి వచ్చింది అన్నప్పుడు ఆ బండి తాళం ఎవరి జేబులో ఉంటుందన్నది కూడా అడగాలి. చాలా ఇళ్లలో పొద్దున్నే అది భర్తతోనో కొడుకుతోనో వెళ్లిపోతుంది. ట్రిప్పులు తగ్గిన బస్సు, నిండితే గానీ కదలని ఆటో ఇంట్లో మిగిలిన ఆడవాళ్లకు, ముసలివాళ్లకు, చదువుకునే పిల్లలకు మిగిలాయి. ఆస్పత్రికి వెళ్లాలంటే 'ఆయన ఖాళీగా ఉన్న రోజు' చూసుకోవాలి. అంటే బళ్లు పెరిగినకొద్దీ ఇంట్లో కొందరి ప్రయాణం సులువైంది, ఇంకొందరిది కష్టమైంది.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఇది ఎంత పెద్ద విషయమో బయటపడింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్టు లేదు. కండక్టరుకు ఆధార్ కార్డు చూపిస్తే మెషీన్‌లోంచి సున్నా రూపాయల టికెట్టు వస్తుంది. 2025 జులై నాటికి ఈ జీరో టికెట్లు 200 కోట్లు దాటాయి. ఏడాదిన్నర పైచిలుకు కాలంలో, నాలుగు కోట్ల లోపు జనాభా ఉన్న రాష్ట్రంలో. ఆంధ్రప్రదేశ్ కూడా 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పేరుతో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఉచిత ప్రయాణం మొదలుపెట్టింది.

ఈ ప్రయాణాలన్నీ అంతకుముందు ఆటోల్లో జరిగినవి బస్సులోకి మారినవే అనుకుంటే పొరపాటు. అందులో పెద్ద భాగం అసలు జరగకుండా ఆగిపోయిన ప్రయాణాలు. నెలనెలా చూపించుకోవాల్సిన బీపీ, షుగరు రోగి రెండు మూడు నెలలకోసారి వెళ్లేది, ఇప్పుడు నెలకోసారి వెళ్లగలదు. ఊళ్లో ఇచ్చే కూలీ కన్నా ఎక్కువిచ్చే పట్నం దుకాణంలో పనికి కుదరడానికి రోజుకు పోయే చార్జీలు అడ్డం ఉండేవి. హాస్టల్లో ఉండాల్సిన డిగ్రీ పిల్ల ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. జాకెట్లు కుట్టే ఆవిడ లైనింగు గుడ్డ, దారాలు ఊళ్లో ఎక్కువ ధరకు కొనకుండా టోకు దుకాణానికే వెళ్తుంది. కూతురి ఇంటికి, గుడికి, పెళ్లికి కూడా వెళ్తుంది, అవీ ప్రయాణాలే.

'పనీపాటా లేకుండా తిరుగుతున్నారు' అన్న విమర్శ ఈ పథకం మొదటి రోజు నుంచీ వినిపిస్తోంది. అది అన్యాయమైన మాట. మగవాళ్లు బండేసుకుని సెంటర్‌కు వెళ్లి టీ తాగి వచ్చిన ప్రయాణాలకు ఎప్పుడూ ఎవరూ అవసరం, అనవసరం అని లెక్క కట్టలేదు. మనిషి బయటికి వెళ్లడానికి కారణం చెప్పాల్సిన అవసరం సగం జనాభాకు మాత్రమే ఎందుకుండాలి?

రద్దీ గురించిన ఫిర్యాదు మాత్రం పూర్తిగా నిజం. జనం పెరిగినంతగా బస్సులు పెరగలేదు. ఫుట్‌బోర్డు దాకా నిండిన బస్సు స్టేజీలో ఆగకుండా వెళ్లిపోతోంది. టికెట్టు కొన్న మగవాడు నిలబడి, సీటు కోసం గొడవలు పడుతున్న వీడియోలు రోజూ తిరుగుతున్నాయి. ఆటో డ్రైవర్ల రాబడి పడిపోయింది, వాళ్లు రోడ్డెక్కారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 అక్టోబర్ 4న ఆటో, క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి రూ.15,000 ఇచ్చే పథకం పెట్టింది ఇందుకే. ప్రయాణాల అలవాటు ఒక్కసారిగా మారితే, ఆ పాత అలవాటు మీద బతికినవాళ్ల ఇంట్లో పొయ్యి మీద దాని ప్రభావం వెంటనే కనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా గమనించాలి. డబ్బు ఆపిన ప్రయాణాలను ఉచిత టికెట్టు బయటికి తెచ్చింది. ఎదురుచూపు విసిగించి పంపేసినవాళ్లు తిరిగి బస్సు ఎక్కాలంటే మాత్రం టికెట్టు ధర తగ్గించడం చాలదు, బస్సు తొందరగా రావాలి.

నిమిషాల నగరం

దానికి రుజువు హైదరాబాద్ మెట్రో. 2017 నవంబర్‌లో నాగోలు, మియాపూర్ మధ్య 30 కిలోమీటర్లతో మొదలై, 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లకు చేరింది. సిటీ బస్సు ఎక్కడం ఎప్పుడో మానేసిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు మెట్రోలో మాత్రం నిలబడి వెళ్తున్నారు. ఏసీ ఒక కారణం కావచ్చు. అంతకన్నా పెద్ద కారణం, తర్వాతి రైలు ఎన్ని నిమిషాల్లో వస్తుందో ప్లాట్‌ఫాం మీద బోర్డు చెబుతుంది, చెప్పినట్టే వస్తుంది. తొమ్మిదింటికి మీటింగ్ ఉన్న మనిషికి ఆ హామీ చాలా విలువైనది.

కానీ మెట్రో ప్రయాణం స్టేషన్‌లో మొదలవదు, స్టేషన్‌లో ముగియదు. హయత్‌నగర్ నుంచో బోడుప్పల్ నుంచో వచ్చే మనిషి నాగోలులోనో ఉప్పల్‌లోనో బండి పెట్టి రైలెక్కుతాడు. 2024 ఆగస్టులో నాగోలు, మియాపూర్ స్టేషన్లలో అప్పటిదాకా ఉచితంగా ఉన్న పార్కింగ్‌కు ఫీజు పెట్టబోతే ప్రయాణికులు గట్టిగా ఎదురుతిరిగారు. బయటనుంచి చూసేవాళ్లకు చిన్న మొత్తమే. రోజూ వెళ్లేవాడికి అది నెలకు పడే ఇంకో బిల్లు. రానూపోనూ మెట్రో టికెట్టు, పార్కింగ్, రాయదుర్గంలో దిగాక ఆఫీసుకు షేర్ ఆటో, ఇవన్నీ కలిపితే నేరుగా బండి మీద వెళ్లే పెట్రోలు ఖర్చును దాటిపోతాయి. 2025 మే నెలలో మెట్రో చార్జీలు పెరిగినప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది. ఈ కూడికలో ఎటు మొగ్గితే అటు వేలమంది ఒకేసారి కదులుతారు.

ఆ చివరి రెండు మూడు కిలోమీటర్ల కోసం పుట్టిందే బైక్ ట్యాక్సీ. ఉబర్ 2013లో దేశంలోకి వచ్చింది. 2015లో బెంగళూరులో మొదలైన రాపిడో, ట్యాక్సీని బండి వెనక సీటు స్థాయికి దించింది. ఒకప్పుడు రోడ్డు పక్కన చెయ్యెత్తి 'అన్నా, కొంచెం అక్కడిదాకా దింపుతావా' అని అడిగే లిఫ్టుకు ఇప్పుడు ఓటీపీ ఉంది, రేటు ఉంది. ముక్కూమొహం తెలియనివాడి బండి వెనక ఆడపిల్లలు కూర్చోవడం పదిహేనేళ్ల కిందట ఏ ఇంట్లోనూ ఒప్పుకునేవాళ్లు కాదు. యాప్‌లో పేరు, నంబరు, దారి కనిపిస్తాయన్న ధైర్యమే దాన్ని మామూలు చేసింది. ఆ ధైర్యం ఎప్పుడూ నిలబడుతుందన్న గ్యారంటీ లేదు. అయినా బస్సు రాని చోట ఆ మాత్రం దారి దొరికింది.

కరోనా తర్వాత ఆఫీసు ప్రయాణం కూడా రోజువారీ అలవాటుగా మిగల్లేదు. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు వెళ్లేవాళ్లకు నెల పాస్ గిట్టుబాటు కాదు. మన పాసుల పద్ధతి ఇంకా నెలకు పాతిక రోజులు పనిచేసే మనిషిని దృష్టిలో పెట్టుకునే ఉంది.

ఇంటి పనుల ప్రయాణాలు కూడా మారాయి. పంచదార అయిపోతే కిరాణా కొట్టుకు పిల్లాడిని పంపేవాళ్లు. ఇప్పుడు పది నిమిషాల్లో డెలివరీ. ఆ ప్రయాణం తగ్గిపోలేదు, చేసే మనిషి మారాడు. ఒక ఇంటిలోని వాళ్లు నడిచి చేసిన పని, ఇంకో కుర్రాడు బండి మీద పరుగులు పెడుతూ, తన పెట్రోలుతో, తన ప్రాణం మీదికి తెచ్చుకుంటూ చేస్తున్నాడు. నగర ప్రయాణాల లెక్కలు తీసేటప్పుడు ఈ డెలివరీ కుర్రాళ్లు రోజంతా తిరిగే దూరాన్ని వదిలేస్తే ఆ లెక్క తప్పే.

యాకోవ్ జహావి అనే రవాణా నిపుణుడు 1970ల్లో ఒక సంగతి గమనించాడు. మనుషులు రోజూ ప్రయాణానికి కేటాయించే సమయం సగటున గంటా, గంటకు కాస్త పైన ఉంటుంది. వేగం పెరిగితే ఆ సమయం మిగలదు, దూరం పెరుగుతుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక హైదరాబాద్‌లో జరిగింది అదే. తెల్లాపూర్, కొల్లూరు, ఆదిభట్ల, ఘట్‌కేసర్ దాకా ఇళ్లు వెళ్లిపోయాయి. అక్కడ ఫ్లాటు కొన్నవాళ్లకు ఆఫీసు ఇరవై, ముప్పై కిలోమీటర్లు. దారిలో బస్సు లేదు కాబట్టి మొదట బండి, వానలకు భయపడి ఆ తర్వాత కారు. ఇల్లు కొన్న రోజే రాబోయే ఇరవై ఏళ్ల ప్రయాణపు అలవాటు ఖాయమైపోతోంది. కానీ అపార్ట్‌మెంట్లకు అనుమతి ఇచ్చే ఆఫీసుకూ, బస్సు రూటు వేసే ఆఫీసుకూ మధ్య మాటల్లేవు.

ఎవరి ప్రాణం మీదకు

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో టూ వీలర్ల మీద ఉన్నవాళ్లు 44.5 శాతం, నడిచి వెళ్తున్నవాళ్లు 19.5 శాతం. రెండూ కలిపితే దాదాపు మూడింట రెండు వంతులు. బస్సు దిగి బండెక్కడం అన్న మార్పులో మనం పెద్దగా మాట్లాడుకోని భాగం ఇది. బస్సులో వెళ్లే మనిషికన్నా బండి మీద వెళ్లే మనిషికి ప్రాణభయం ఎన్నో రెట్లు ఎక్కువ. ఎదురుచూపు తప్పించుకోవడానికి ఇంత మూల్యం కట్టాల్సిరావడం వ్యక్తుల నిర్లక్ష్యం ఒక్కటే కాదు. హెల్మెట్ పెట్టుకోమని చలానా రాసే ప్రభుత్వమే, అతను ఎక్కాల్సిన బస్సు ట్రిప్పును రద్దు చేసింది.

పల్నాడులోనూ ఖమ్మంలోనూ మిరప కోతల రోజుల్లో తెల్లవారుజామున కనిపించే కూలీల ఆటోలు దీనికి ఇంకో ముఖం. ముగ్గురు కూర్చునే ఆటోలో పదిమందికి పైగా, డ్రైవరుకు ఇటూ అటూ కూడా మనుషులు. ప్రతి సీజన్‌లోనూ ఎక్కడో ఒకచోట ఇలాంటి ఆటో బోల్తా పడ్డ వార్త వస్తుంది. ఉచిత బస్సు వీళ్లకు ఉపయోగపడదు. పొలం దగ్గరికి, తెల్లవారుజాము నాలుగున్నరకు వెళ్లే బస్సు లేదు.

నడక గురించి చెప్పుకోవాల్సింది చాలా ఉంది. జనాభా లెక్కల్లో మొదటి స్థానంలో నిలిచిన ఆ ప్రయాణానికి మన నగరాల్లో దారి లేదు. ఫుట్‌పాత్ ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్, పార్కింగ్, మెట్లు. బస్సెక్కే ప్రతి మనిషీ ముందు నడిచే మనిషే. స్టాపు దాకా నడవలేని చోట బస్సు ఎంత బాగున్నా ఖాళీగానే వెళ్తుంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు. వారాంతపు సైక్లింగ్‌కు అది మంచిదే. మౌలాలిలో ఫ్యాక్టరీకి సైకిల్ తొక్కుకుని వెళ్లే కార్మికుడికి మాత్రం లారీల పక్కనే దారి.

బడికి వెళ్లే పిల్లల ప్రయాణంలో కూడా ఇదే. ఊళ్లో బడికి నడిచి వెళ్లిన తరం తన పిల్లలను పట్నంలోని స్కూలు బస్సు ఎక్కిస్తోంది. చిన్న పట్టణాల్లో బ్యాగులు బయట వేలాడదీసిన స్కూలు ఆటోలు. పదేళ్ల పిల్ల ఒంటరిగా రోడ్డు దాటడం తల్లిదండ్రులకు భయం కాబట్టి, వాళ్లే బండి మీద దింపుతున్నారు. ఆ దింపే బళ్ల వల్ల బడి ముందు రోడ్డు ఇంకా ప్రమాదకరంగా మారుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు పంచిన 'బడికొస్తా' లాంటి పథకాలు చేసిన మేలు ఇక్కడే అర్థమవుతుంది. ఎనిమిదో తరగతి పిల్ల తనంతట తాను వెళ్లి రాగలిగితే ఆమె చదువు తండ్రి తీరిక మీద ఆధారపడదు.

ఇప్పుడు వస్తున్న మార్పు కరెంటు బళ్లది. 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రకటించిన విధానంతో ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 చివరిదాకా రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. పొగ తగ్గుతుంది, పెట్రోలు ఖర్చు పోతుంది. రోడ్డు మీద బండి ఆక్రమించే చోటు మాత్రం అంతే ఉంటుంది. కిలోమీటరుకు పావలా అర్ధరూపాయితో బండి నడిచే రోజు వస్తే బస్సుకు పోటీ ఇంకా కష్టమవుతుంది.

అందుకే, కేంద్రం పీఎం ఈ–డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు కేటాయించిన 2,000 ఎలక్ట్రిక్ బస్సులను ఎలా వాడతారన్నది మామూలు పరిపాలన విషయంగా వదిలేయకూడదు. పాత డీజిల్ బస్సులను తీసేసి వాటి చోట ఇవి తిప్పితే గాలి బాగుపడుతుంది, స్టాపులో నిలబడే సమయం మాత్రం మారదు. ఉన్నవాటికి అదనంగా, ముఖ్యమైన ఇరవై ముప్పై రూట్లలోనైనా పది నిమిషాలకు ఒకటి చొప్పున పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా తిప్పగలిగితే, ఏటా కాలేజీలో చేరే వేలాది పిల్లలకు ముందుగా తెలిసే దారి బస్సే అవుతుంది. పద్దెనిమిది నిండగానే బండి కొనిపెట్టాలా వద్దా అని ఇళ్లలో చర్చ జరిగేది సరిగ్గా ఆ వయసులోనే.